నాన్నతో మ్యాచ్ కబుర్లు తప్ప మరేమీ లేవా?

ప్రశ్న: నా వయసు 33. నాన్నకు 68. ఊహ తెలిసినప్పటి నుంచి నన్నూ ఆయననూ దగ్గర చేసింది ఫుట్‌బాల్. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు నేలమీద అగ్గిపుల్లలు పేర్చి చెప్పారు. 2002 ప్రపంచ కప్ మేమిద్దరం కలిసి చూసిన మొదటిది. ఉద్యోగం, పెళ్లి తర్వాత నేను వేరే నగరంలో స్థిరపడ్డాను. ఇప్పటికీ వారానికి రెండు మూడు సార్లు ఫోన్లో మాట్లాడుకుంటాం. మాటలన్నీ మ్యాచ్‌ల గురించే. ఎవరు బాగా ఆడారు, ఏ కోచ్ ఎక్కడ పొరపాటు చేశాడు, చివరికి తిరిగి తిరిగి 1982 బ్రెజిల్ జట్టు. ఆ జట్టు గురించి నాన్న వందసార్లు చెప్పి ఉంటారు.

అమ్మ పోయి రెండేళ్లయింది. ఆమెకు ఆట పట్టేది కాదు. ఆట సమంగా ముగిసి, ఆటగాళ్లు ఒక్కొక్కరుగా గోల్ కీపర్ మీదికి బంతి కొట్టే పెనాల్టీ షూటౌట్ మొదలైతే మాత్రం లోపలి గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. ఏ జట్టు ఆటగాడు తప్పినా "పాపం, వాళ్లమ్మ చూస్తూ ఉంటుందేమో" అనేది. ఆమె పోయాక నాన్నా నేనూ ఒక్కసారి కూడా ఆమె గురించి నోరు విప్పి మాట్లాడుకోలేదు. మొన్న మా ఫోను మాటలు విన్న నా భర్త, "మీ ఇద్దరి మధ్య ఉన్నది ఆట ఒక్కటే. అది తీసేస్తే మీకు మాటలే ఉండవు" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధ కలిగింది. పైగా ఈమధ్య నాన్న మ్యాచ్ సగం చూసి పడుకుంటున్నారు. "మిగతాది రేపు నువ్వు చెప్పు" అంటున్నారు. మా మధ్య ఉన్న ఆ ఒక్కటీ చేజారిపోతోందేమోనని భయంగా ఉంది. నాన్నతో అసలైన మాటలు మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

సమాధానం: మీ ఉత్తరమంతటిలో నాకు పేచీ ఉన్నది "అసలైన మాటలు" అన్న చోటే. ఇన్నేళ్లుగా మీ నాన్నగారితో మాట్లాడినవి అసలైనవి కావని మీరు ఎందుకు ఒప్పేసుకున్నారు? మీ భర్త మాటలో సగం నిజం ఉంది. ఆ సగం దగ్గరికి తర్వాత వస్తాను. ముందు రెండో సగం సంగతి చూద్దాం.

అరవై ఎనిమిదేళ్ల తండ్రి, దూరాన ఉన్న కూతురితో వారానికి రెండు మూడు సార్లు ఇష్టంగా మాట్లాడటం చిన్న విషయం కాదు. "తిన్నావా? ఒంట్లో బాగుందా? సరే, ఉంటాను" అని మూడు ముక్కల్లో ముగిసిపోయే ఫోన్ల గురించి నాకు ఎన్నో ఉత్తరాలు వస్తాయి. ఆ ఇళ్లలో ప్రేమ లేక కాదు. ప్రేమను దేనిమీద పెట్టి అందించాలో తెలియక ఆ ముక్కల దగ్గరే ఆగిపోతారు. మీ ఇంట్లో ఆ ఇబ్బంది ఎప్పుడో తీరింది. మీ నాన్నగారు మాట్లాడుతున్నారు. ఆయన మ్యాచ్ గురించి చెప్పే మాటల్లో ఇంకేం చెబుతున్నారో వినడం ఒక్కటే మిగిలింది.

ఎదురుగా కూర్చోబెట్టి మనసులో మాట చెప్పమంటే చాలామంది తండ్రులకు నోరు పెగలదు. ఆ తరం మగవాళ్లకు అది ఎవరూ నేర్పలేదు. అదే మనిషి పక్కన కూర్చుని, ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నప్పుడు తేలిగ్గా మాట్లాడతాడు. చూపులు కలపాల్సిన పని లేదు. మౌనం వచ్చినా ఎవరికీ ఇబ్బంది అనిపించదు. మాట తడబడితే ఆటలోకి తప్పుకోవచ్చు. ఇందుకు ఫుట్‌బాల్ అంత అనువైన ఆట మరొకటి లేదని నా గట్టి నమ్మకం. తొంభై నిమిషాల్లో గోల్ పడేది రెండో మూడో సార్లు, ఒక్కోసారి అదీ ఉండదు. మిగిలిన సమయమంతా బంతి అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. ఏదో జరగబోతున్నట్టే ఉంటుంది, ఏమీ జరగదు. ఆట తెలియనివాళ్లకు విసుగు పుట్టించేది ఆ ఖాళీయే. తండ్రీ కూతుళ్లు మాట్లాడుకోవడానికి చోటు దొరికేది కూడా అందులోనే. మీకు పదేళ్లప్పుడు బడిలో జరిగిన ఏదో గొడవను ఆయనకు మొదట చెప్పింది అలాంటి ఖాళీలోనే అయి ఉంటుంది, గుర్తు చేసుకోండి.

ఇంకొకటి ఉంది. మరెక్కడా బయటపడని తండ్రి గుండె ఆట ముందు బయటపడుతుంది. 1950 జూలై 16న రియోలోని మరకానా మైదానంలో బ్రెజిల్ ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడిపోయింది. సొంతగడ్డ మీద ప్రపంచ కప్ చేతికి అందినట్టే అంది జారిపోయింది. ఆ రోజు రేడియో దగ్గర తన తండ్రి ఏడవడం తొమ్మిదేళ్ల పెలే చూశాడు. ఆ తండ్రి దొందీన్యో కూడా ఫుట్‌బాల్ ఆటగాడే. ఏడవకు నాన్నా, నేను నీకు ప్రపంచ కప్ గెలిచి తెస్తానని అన్నానని పెలే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. 1958లో పదిహేడేళ్ల వయసులో ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. కప్పు సంగతి పక్కన పెట్టండి. తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఆ రోజు మొదటిసారి తెలిసింది తన తండ్రికి కన్నీళ్లు వస్తాయని. ఇల్లు గడవడం కష్టమైన రోజుల్లో కూడా బిడ్డల ముందు దాచుకునే దుఃఖాన్ని ఒక మ్యాచ్ బయటకు తెచ్చింది. మీ నాన్నగారి కళ్లు చెమర్చడం మీరు ఎప్పుడైనా చూసి ఉంటే, అది టీవీ ముందే అయి ఉంటుందని నా ఊహ.

ఇప్పుడు ఆ 1982 జట్టు దగ్గరికి వద్దాం. వందసార్లు విన్నానని రాశారు. నూటొకటోసారి అడిగి చెప్పించుకోండి. ఈసారి వేరే ప్రశ్నలతో.

ఆ మ్యాచ్ మీకు తెలిసిందే, అయినా ఒకసారి గుర్తు చేస్తాను. 1982 జూలై 5, బార్సిలోనాలోని సారియా మైదానం. జీకో, సోక్రటీస్, ఫాల్కావ్ ఉన్న బ్రెజిల్ జట్టుకు ఇటలీతో డ్రా చేసుకుంటే చాలు, సెమీఫైనల్ చేరిపోతుంది. పావలో రోసీ అయిదో నిమిషంలో గోల్ కొడితే సోక్రటీస్ సమం చేశాడు. రోసీ మళ్లీ కొట్టాడు. 68వ నిమిషంలో ఫాల్కావ్ 2-2 చేశాడు. అక్కడ ఆగి, వెనక్కి తగ్గి, గోడ కట్టుకుని నిలబడితే సరిపోయేది. వాళ్లు అలా చేయలేదు. తమ పద్ధతిలోనే ముందుకు వెళ్తూ ఆడారు. 74వ నిమిషంలో రోసీ మూడో గోల్ కొట్టాడు. చివర్లో బ్రెజిల్ డిఫెండర్ ఆస్కార్ తలతో కొట్టిన బంతిని నలభై ఏళ్ల గోల్ కీపర్ దీనో జోఫ్ సరిగ్గా గీత మీద ఆపాడు. అంతటితో అయిపోయింది. కప్పు ఇటలీకి వెళ్లింది.

అప్పుడు మీ నాన్నగారికి పాతికేళ్లు ఉంటాయి. గెలిచిన జట్లు ఎన్నో ఉండగా, ఒక పాతికేళ్ల కుర్రాడు ఓడిపోయిన జట్టును మనసులో పెట్టుకుని నలభై ఏళ్లకు పైగా మోశాడంటే ఆ ఓటమిలో ఆయనకు తనది ఏదో కనిపించి ఉండాలి. అది ఏమిటో నాకు తెలియదు, మీకూ తెలియదు. అడిగితే ఆయన చెబుతారు. "నాన్నా, 2-2 దగ్గర వాళ్లు ఆగిపోయి ఉండాల్సిందా?" అని అడిగి చూడండి. ఆగాల్సిందే అంటే, ఎందుకని అడగండి. అలా ఆడటమే వాళ్ల గొప్పతనం అంటే, మీరు కూడా ఎప్పుడైనా అలా చేశారా అని అడగండి. ఉద్యోగంలో సర్దుకుపోయిన రోజులు, పట్టుబట్టి నష్టపోయిన రోజులు ఆయనకూ ఉండి ఉంటాయి. వాటి గురించి నేరుగా అడిగితే "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అంటారు. సోక్రటీస్ గురించి మాట్లాడుతూ ఉండగా అడిగితే బహుశా చెబుతారు.

ప్రపంచ కప్ నాలుగేళ్లకోసారి వస్తుంది. ఆట ప్రేమించేవాళ్లకు ఆ సంవత్సరాలు తమ జీవితాన్ని గుర్తుపెట్టుకునే ఆనవాళ్లు కూడా. 1974లో ఆయనకు పదహారో పదిహేడో. ఆ ఫైనల్లో జర్మన్ల కాలికి బంతి తగలకముందే క్రైఫ్ ఉన్న నెదర్లాండ్స్ జట్టు పెనాల్టీ సంపాదించి గోల్ కొట్టింది, చివరికి 2-1తో ఓడింది. ఆ వార్త ఆయనకు ఎలా చేరింది? పేపర్లోనా, రేడియోలోనా? అప్పుడు ఆయన ఏ తరగతి చదువుతున్నారు, ఎవరితో తిరిగేవారు? 1986లో మరడోనా ఇంగ్లండ్ మీద నాలుగు నిమిషాల తేడాతో రెండు గోల్స్ కొట్టాడు. ఒకటి చేత్తో, ఒకటి సగం మైదానం దాటుకుంటూ వెళ్లి. అది చూసినప్పుడు ఆయన పక్కన ఎవరున్నారు? అప్పటికి మీ అమ్మగారితో పెళ్లయిందా? 1994లో మీరు పసిబిడ్డ. ఆ మ్యాచ్‌లప్పుడు మిమ్మల్ని ఎవరు ఎత్తుకున్నారు? చూశారా, ఆట నుంచి కదలకుండానే మీరు ఎక్కడికి చేరుకున్నారో. కప్పు ఏటిదైనా ఆ ఏట ఆయన ఎవరో, ఎలా ఉన్నారో అడగండి. స్కోరు ఎలాగూ మీ ఇద్దరికీ తెలుసు.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. ఆయన చెబుతున్నప్పుడు ఫోన్ తీసి సరిచూడకండి. ఫలానా గోల్ కొట్టింది ఫలానావాడు కాదు, ఆ ఏడాది కాదు అని దిద్దబుద్ధి పుడుతుంది. లెక్కలన్నీ జేబులోనే ఉన్న కాలం కదా. కానీ ఆయన చెబుతున్నది చరిత్ర పాఠం కాదు. దిద్దిన ప్రతిసారీ ఆయన ఒక మాట తగ్గించుకుంటారు. వాదించండి, అది వేరు. మరడోనా గొప్పా మెస్సీ గొప్పా అని గంటసేపు పోట్లాడుకోండి. వీడియో రిఫరీ ఆటను బాగుచేసిందా పాడుచేసిందా అని తేల్చుకోకుండా వదిలేయండి. వెనక్కి పాస్ చేసిన బంతిని గోల్ కీపర్ చేత్తో పట్టుకోకూడదన్న నియమం 1992లో వచ్చింది. అంతకుముందు ఆట ఎంత మందకొడిగా సాగేదో, 1990 కప్పులో గోల్స్ ఎందుకు అంత తక్కువ పడ్డాయో ఆయన కళ్లారా చూసిన మనిషి. మీకు తెలియనివి ఆయన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి.

ఇప్పుడు మీ భర్త మాటలోని ఆ సగం నిజం. రెండేళ్లుగా అమ్మ గురించి మాట్లాడుకోలేదు. ఇది వదిలేయవలసిన విషయం కాదు. ఆట మాటుకు చేరి ఇద్దరూ ఆ దుఃఖాన్ని తప్పించుకుంటున్నారు. ఆయన మీకు బాధ కలుగుతుందని మాట్లాడటం లేదు, మీరు ఆయనకు బాధ కలుగుతుందని మాట్లాడటం లేదు. ఇలా ఒకరినొకరు కాపాడుకుంటూ ఇద్దరూ ఒంటరిగా ఏడుస్తున్నారు. మీరు ఇంట్లో భర్త పక్కన, ఆయన ఖాళీ ఇంట్లో.

దీనికోసం ఆటను పక్కనపెట్టి "నాన్నా, మనం అమ్మ గురించి మాట్లాడుకోవాలి" అని మొదలుపెట్టకండి. ఆయన బిగుసుకుపోతారు. అమ్మగారు మీ ఆటలోనే ఉన్నారు, మీరే రాశారు. షూటౌట్ మొదలైతే గుమ్మం దగ్గరికి వచ్చేవారని. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపేసింది ఆ వాక్యమే. ఎవరు గెలుస్తారన్నది పట్టకుండా, తప్పిన పిల్లవాడి తల్లిని తలచుకున్న మనిషి. ఫుట్‌బాల్ గురించి మీరిద్దరూ చెప్పుకున్న వేల మాటల్లో అంత మంచి మాట ఎన్ని ఉంటాయి?

2006 ఫైనల్ గుర్తుందా? మీకు పదమూడో పద్నాలుగో. బెర్లిన్‌లో ఇటలీ, ఫ్రాన్స్ 1-1. అదనపు సమయంలో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మతెరాజ్జీని గుద్ది రెడ్ కార్డ్ అందుకున్నాడు. లోకమంతా దాని గురించే మాట్లాడింది. షూటౌట్‌లో పది మంది కాదు, తొమ్మిది మందే కొట్టారు. తప్పింది ఒక్కడు, ఫ్రాన్స్ ఆటగాడు త్రెజెగె. బంతి పైకడ్డీకి తగిలి గీతకు ఇవతల పడింది. ఆరేళ్ల ముందు యూరో ఫైనల్లో ఇదే ఇటలీని గోల్డెన్ గోల్‌తో, అంటే అదనపు సమయంలో పడగానే ఆట ముగిసిపోయే గోల్‌తో ఓడించింది కూడా అతనే. ఆ రాత్రి మీ అమ్మగారు గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, ఆమె "పాపం" అన్నది త్రెజెగె గురించే. నాన్నగారిని ఇది అడగండి. "ఆ రాత్రి త్రెజెగె తప్పినప్పుడు అమ్మ అక్కడే ఉందా?" అని, అంతే. ఆయనకు గుర్తుంటుంది. గుర్తు లేకపోయినా ఆమెను ఆ గుమ్మంలో నిలబెట్టుకుని ఆలోచిస్తారు.

లేదంటే ఈసారి ఏదైనా మ్యాచ్ షూటౌట్‌కు వెళ్లినప్పుడు వెంటనే ఫోన్ చేయండి. "అమ్మ ఉంటే ఈపాటికి వచ్చి నిలబడేది" అనండి. అది ప్రశ్నలా ఉండకూడదు. ప్రశ్న అయితే ఆయన జవాబు చెప్పాలి. మామూలుగా అనేసి ఊరుకోండి. తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. ఆయన "ఊఁ" అని మళ్లీ ఆటలోకి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. మాట ఆయనకు చేరింది. రెండు వారాల తర్వాత ఆయనే ఏదో సందర్భంలో ఆమె పేరెత్తుతారు. ఎత్తకపోతే మీరు మళ్లీ ఎత్తండి, ఇలాగే, చిన్నగా. షూటౌట్లు అడిగినప్పుడల్లా రావు కదా అంటారా? పాతవి ఉన్నాయి. ఇంటికి వెళ్లినప్పుడు 1994 ఫైనల్ షూటౌట్ పెట్టి చూడండి. ఇటలీ ఆటగాడు బాజియో బంతిని కడ్డీ మీదుగా పైకి కొట్టేసి తలవంచుకుని నిలబడిన దృశ్యం అందరికీ గుర్తే. అతని కంటే ముందు అదే ఇటలీ తరఫున బరేసీ, మస్సారో కూడా తప్పారన్నది చాలామంది మరిచిపోయారు. మీ అమ్మగారైతే ముగ్గురు తల్లుల గురించీ బాధపడి ఉండేవారు. ఆ మాట నాన్నగారి పక్కన కూర్చుని అనండి.

ఒకవేళ మీకే గొంతు పూడుకుపోతే? పూడుకోనివ్వండి. కూతురు ఏడుస్తోందని తెలిస్తే ఆయన కుంగిపోతారని భయపడకండి. తనతో పాటు ఇంకొకరు కూడా ఆమె కోసం ఏడుస్తున్నారని తెలియడం ఆయనకు ఊరట.

ఇక మిమ్మల్ని భయపెట్టిన "మిగతాది రేపు నువ్వు చెప్పు" సంగతి. నేను దీన్ని మీలా చదవలేదు. చిన్నప్పుడు మీరు నిద్రకు ఆగలేక మధ్యలోనే పడుకుంటే, తెల్లారి మ్యాచ్ చెప్పింది ఎవరు? ఇప్పుడు ఆయన ఆ పని మీకు అప్పగిస్తున్నారు. ఆట మీద ఇష్టం పోయిన మనిషి "రేపు చెప్పు" అనడు, అసలు ఆ మాటే ఎత్తడు. ఆయన మీ నోట వినాలనుకుంటున్నారు.

కాబట్టి బాగా చెప్పండి. పొద్దున్నే "2-1, మనవాళ్లే గెలిచారు" అని సందేశం పంపి చేతులు దులుపుకోకండి. ముందు ఆయనకు స్కోరు తెలిసిపోయిందేమో కనుక్కోండి. తెలియకపోతే అస్సలు చెప్పకండి. విరామం తర్వాత ఎవరిని మార్చారో, ఏ వైపు నుంచి దాడి మొదలైందో అక్కడి నుంచి ఎత్తుకోండి. మధ్యలో ఆయన అడ్డొస్తారు. "ఆ రైట్ బ్యాక్ అలసిపోయాడు, వాడి వైపు నుంచే గోల్ పడి ఉంటుంది" అంటారు. నిజమేనా కాదా వెంటనే చెప్పకుండా ఇంకాస్త ఊరించండి. తొంభై నిమిషాలు చూసిన మ్యాచ్‌కంటే ఇలా ఇద్దరూ కలిసి కట్టుకున్న రెండో సగం ఆయనకు ఎక్కువ నచ్చవచ్చు.

ఫోన్ చేసే సమయం కూడా మార్చండి. మీరు ఇప్పటిదాకా మ్యాచ్ అయ్యాక చేస్తున్నారనుకుంటాను. విరామంలో చేయండి. నియమాల ప్రకారం అది పదిహేను నిమిషాలకు మించదు. మొహమాటస్తులైన తండ్రీ కూతుళ్లకు అంతకంటే అనువైన గడువు లేదు. అంతకుముందు చూసినదానిమీద చెప్పుకోవడానికి బోలెడు ఉంటుంది, జరగబోయేదాని మీద పందేలు వేసుకోవచ్చు. తర్వాత ఆయన హాయిగా పడుకుంటారు, ఆ ఖాళీ ఇంట్లో నిద్రపోయే ముందు చివరగా విన్న గొంతు మీదవుతుంది.

అయినా ఒక జాగ్రత్త తీసుకోండి. ఆయన ఎందుకు పడుకుంటున్నారో నేరుగా అడగండి. ఇది మాత్రం ఆట చాటున అడగవలసింది కాదు. ఈ వయసులో పొద్దుపోయేదాకా మేలుకోవడం కష్టం, అది సహజం. కంటిలో శుక్లాలు ఉంటే తెరమీద చిన్న బంతిని వెంబడించడం బాధగా ఉంటుంది. వినికిడి తగ్గితే జనం హోరులో వ్యాఖ్యానం మాటలు అసలు తెలియవు, చూస్తున్నకొద్దీ అలసట వస్తుంది. ఈ రెంటికీ వైద్యం ఉంది, చెప్పుకోవడానికి మొహమాటపడి చాలామంది టీవీ కట్టేస్తారు. మ్యాచ్ ఒక్కటే కాకుండా తిండి, నడక, స్నేహితులు, పేపరు చదవడం, ఇలా ఇష్టమైనవన్నీ రెండు వారాలకు పైగా వదిలేస్తుంటే, నిద్ర చెడితే, మాటల్లో ఇంకెందుకులే అన్న ధోరణి వినిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. భార్య పోయిన మగవాళ్లలో కుంగుబాటు ఇలా నిశ్శబ్దంగానే వస్తుంది. వృద్ధాప్యం అనుకుని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. మీరు వదలకండి.

ఇంకొకటి, ఇది నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నది. ఐస్‌లాండ్ జట్టులో ఆర్నోర్ గుద్యోన్‌సెన్, ఆయన కొడుకు ఐదుర్ ఇద్దరూ ఉండేవారు. 1996 ఏప్రిల్ 24న ఎస్తోనియాతో టాలిన్‌లో జరిగిన మ్యాచ్‌లో రెండో సగంలో తండ్రి మైదానం వదిలి వస్తుంటే, అతని స్థానంలో పదిహేడేళ్ల కొడుకు లోపలికి వెళ్లాడు. ఇద్దరూ కలిసి ఆడే రోజు ఇంకెంతో దూరం లేదని అందరూ అనుకున్నారు. కొద్దికాలానికే కొడుకు చీలమండకు పెద్ద గాయమైంది. ఆ తర్వాత ఐదుర్ పెద్ద క్లబ్బుల్లో ఆడి ఎంతో పేరు తెచ్చుకున్నాడు. కానీ తండ్రీ కొడుకులు దేశం తరఫున ఒకేసారి మైదానంలో నిలబడటం మాత్రం ఎన్నడూ జరగలేదు.

మీ ఇద్దరికీ ఆ అవకాశం ఇంకా ఉంది. ఫోన్లు మానవద్దు, కానీ ఫోన్లతోనే సరిపెట్టవద్దు. తర్వాతి ప్రపంచ కప్పు కోసమో, పెద్ద ఫైనల్ కోసమో చూడకండి. ఏదో ఒక వారాంతం, పగటిపూట వచ్చే మామూలు లీగ్ మ్యాచ్ ఒకటి చూసుకుని ఇంటికి వెళ్లండి. నాన్నగారి పక్కన కూర్చుని మొత్తం చూడండి. గోల్ పడకపోతే మరీ మంచిది. మీకు దగ్గరలో మైదానంలో ఏదైనా స్థానిక జట్టు ఆడుతుంటే ఆయనను అక్కడికి తీసుకెళ్లండి, అక్కడ వ్యాఖ్యాత ఉండడు, మాట్లాడవలసింది ఆయనే.

మీ భర్త విషయంలో ఆయన మీద అలగకండి, మీ బంధాన్ని ఆయన ముందు నిరూపించడానికీ పూనుకోకండి. బయటినుంచి విన్న మనిషికి స్కోర్లు, పేర్లు మాత్రమే వినిపిస్తాయి. అది ఆయన తప్పు కాదు. తన తండ్రితో తను దేని గురించి మాట్లాడతారో ఒకసారి తీరిగ్గా అడగండి, పోటీగా కాదు, తెలుసుకోవాలని. ఆయనకూ అలాంటిది ఒకటి ఉంటే బావుండునన్న కోరిక ఆ మాట వెనక ఉండి ఉండవచ్చు. ఈసారి ఇంటికి వెళ్లేటప్పుడు ఆయనను కూడా తీసుకెళ్లండి. మొదటి సగం ముగ్గురూ కలిసి చూడండి. విరామంలో మీరు ఏదో పని మీద లోపలికి వెళ్లి, మామా అల్లుళ్లను కాసేపు ఆటతో వదిలేయండి.